మార్లవాయిలో ముందు పంతులు, తరువాత బడి

పిల్లల సంక్షేమమనగానే మనకు ముందు గుర్తుకొచ్చేది కట్టడం. చందా పుస్తకం పట్టుకొని బయలుదేరితే గదికింత, రేకులకింత అని అడుగుతాము. దాతలు కూడా పేరు చెక్కిన రాయికి ఇచ్చినంత సులువుగా ఆయమ్మ జీతానికి ఇవ్వరు. మన ఉత్తర తెలంగాణలోనే ఒకచోట ఈ పని మనిషితో మొదలైనది. గోదావరికి ఇవతల మన కరీంనగర్‌ వైపు ఈ సంగతి అంతగా ప్రచారంలో లేదు గనుక వ్రాస్తున్నాము.

1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము పోలీసు కాల్పులలో మరణించాడు. గోండుల అలజడికి కారణమేమిటో తెలుసుకోవలసిన అవసరం అప్పుడు నిజాం సర్కారుకు కలిగినది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు ఆ పని అప్పగించారు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల నడుమనే కాపురం పెట్టారు. నేడు ఈ ఊరు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉన్నది.

బడి పెట్టాలంటే పంతులేడీ? పట్నం పంతులుకు గోండీ రాదు, పిల్లలకు ఉర్దూ రాదు. పైగా మలేరియా అడవిలో బయటివాడు ఎన్నాళ్ళుంటాడు? అందుచేత 1943లో మార్లవాయిలో పంతుళ్ళకు శిక్షణ కేంద్రం తెరిచారు. మరాఠీ అక్షరాలు కొద్దో గొప్పో వచ్చిన గోండు యువకులను ఏరి తెచ్చి తర్ఫీదు ఇచ్చారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారైనవి. (గుంజాలలో గోండీ లిపి వ్రాతప్రతులున్న సంగతి ఎన్నో ఏండ్లకుగాని బయటివారికి తెలియలేదు.)

ఒక్క విద్యాశాఖతో అయ్యే పని కాదిది. తండ్రి చేతిలో పట్టా లేకపోతే ఇల్లు ఎత్తేసి ఊరు మారతాడు, పిల్లవాడి చదువు అక్కడికి సరి. కనుక భూమి పని కూడా జోడించారు. రెవెన్యూ వైపున గ్రిగ్సన్ అండగా నిలిచాడు. సేతు మాధవరావు పగ్డీ అనే అధికారి గోండీ నేర్చుకొని పని చేశాడు. 1949 నాటికి 11,198 మందికి సుమారు 1,60,000 ఎకరాలు దక్కినవి. మా దృష్టిలో బడులు నిలవడానికి వాచకాలెంత ముఖ్యమో ఈ పట్టాలూ అంతే.

లోపం మరోచోట ఉన్నది. 1956లో హైదరాబాదు రాష్ట్రం విడిపోయి బోధన తెలుగులోకి మారింది. మరాఠీ, ఉర్దూ నేర్చిన పంతుళ్ళు వెనుకబడ్డారు, గోండీ వాచకాలు మూలబడినవి. సర్కారు మారినా పని సాగే ఏర్పాటు మొదటినుంచే ఉండవలసినది!

తరువాత 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. వాటిలో ఉట్నూరు ఒకటి. అంగన్‌వాడీ కార్యకర్త ఆ ఊరి మనిషే కావాలన్నది ఇందులోని నియమం. టీకాలకు ఆరోగ్యశాఖ నర్సు, తిండికీ ఆటపాటలకూ ఈమె, ఇద్దరూ కలిస్తేనే కేంద్రం నడిచేది. మార్లవాయి ఉపాయమే ఇక్కడ పిల్లల పాలనకు వచ్చింది. జీతం సంగతి మాత్రం తేలలేదు. కార్యకర్తకిచ్చేదాన్ని కాగితం మీద గౌరవ వేతనమనే అన్నారు. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంతటా అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగి అడిగినవి కనీస వేతనం, గ్రాట్యుటీ.