కాంటెస్సాకు మళ్లీ ఊపిరి: ఇంటి వద్ద పాత కారు పునరుద్ధరణ, దాని చుట్టూ ఉన్న చట్టం

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1984 నుంచి 2002 వరకు తయారుచేసిన కాంటెస్సా కారును వాహనాభిమానులు ‘భారతీయ మజిల్ కారు’ అని పిలుచుకుంటారు. పొడవాటి ముక్కు, నాలుగు గుండ్రని దీపాలు, వెనుక చక్రాలను నడిపే ఇంజను ఈ పేరు రావడానికి కారణాలు. మజిల్ కారు అన్న మాట పుట్టింది అమెరికాలో. మధ్యతరహా కారులో పెద్ద వి-8 ఇంజను బిగించి యువతకు అందుబాటు ధరలో అమ్మే ఈ పద్ధతికి 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోను ఆద్యంగా చెబుతారు. దాని ఇంజను సామర్థ్యం సుమారు 6.4 లీటర్లు. బీమా రుసుముల పెరుగుదల, ఉద్గార నిబంధనలు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి ఆ తరం కార్లకు తెరదించాయి.

కాంటెస్సాకు ఆ వంశంతో దూరపు చుట్టరికం ఉంది. దాని మూలరూపం బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ సంస్థ 1972లో విడుదల చేసిన విక్టర్ ఎఫ్‌ఈ. వాక్స్‌హాల్, పాంటియాక్ రెండూ అప్పట్లో జనరల్ మోటార్స్ సంస్థవే. రూపం అలా సంక్రమించినా బలం మాత్రం రాలేదు. తొలి కాంటెస్సాలలో అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనే ఉండేది. సుమారు 50 అశ్వశక్తితో అంత బరువైన కారును లాగవలసి రావడంతో, పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న మాటను ఆ కారు కొంతకాలం మోసింది. జపాన్‌కు చెందిన ఇసుజు సాంకేతికతతో 1817 సీసీ పెట్రోలు ఇంజను, అయిదు గేర్ల పెట్టె వచ్చిన తర్వాతే ‘కాంటెస్సా క్లాసిక్’ ఆ రూపానికి న్యాయం చేసింది. అనంతరం 2 లీటర్ల ఇసుజు డీజిల్ ఇంజను కూడా చేరింది. మంత్రులకు, ప్రభుత్వరంగ సంస్థల ఉన్నతాధికారులకు అంబాసిడర్ తర్వాతి మెట్టు అదే.

రైల్వే పట్టణంలో పనితనం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం, రాష్ట్ర హైకోర్టు కూడా ఇక్కడే ఉన్నాయి. ఇక్కడి తెలుగు కుటుంబాల చరిత్ర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో ముడిపడి ఉంది. వాల్తేరు, బిలాస్‌పూర్ రెండూ ఆ సంస్థ మార్గాల్లోనివే. తరువాతి కాలంలో, 2003లో కొత్త జోన్లు ఏర్పడేవరకు, ఈ రెండు డివిజన్లూ ఆగ్నేయ రైల్వే పరిధిలోనే కొనసాగాయి. బదిలీలపై ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగుల మూడో తరం ఇప్పుడు తెలుగుతో పాటు హిందీ, ఛత్తీస్‌గఢీ కూడా ఇంటి భాషల్లా మాట్లాడుతుంది.

పాత కారును ఇంటి వద్ద బాగుచేసుకోదలచినవారికి ఇటువంటి ఊరు అనుకూలమే. ఫిట్టరుగా, టర్నరుగా, వెల్డరుగా రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందినవారు ప్రతి రైల్వే పట్టణంలోనూ ఉంటారు. దొరకని బుష్‌ను లేత్‌పై తిప్పి ఇవ్వగల చేయి, గీటు తప్పకుండా రేకును అతికే చేయి కొత్త కార్ల సర్వీసు కేంద్రాల్లో వెదికినా కనిపించదు. చిక్కు స్థలంతోనే వస్తుంది. సదర్ బజార్ వంటి పాత బజారు వీధుల్లో నాలుగున్నర మీటర్లకు పైగా పొడవున్న కారును నెలల తరబడి నిలిపి ఉంచడం, చుట్టూ మనిషి తిరగడానికి చోటు వదలడం మొదటి పరీక్ష. గచ్చు చేసిన, పైకప్పు ఉన్న చోటు లేకుండా పని మొదలుపెడితే ఒక్క వర్షాకాలం ఆరు నెలల శ్రమను తుప్పుగా మార్చగలదు.

ముందు కాగితాలు, తర్వాతే కారు

పునరుద్ధరణలో ఎక్కువమంది తడబడేది ఇంజను దగ్గర కాదు, రిజిస్ట్రేషన్ పత్రం దగ్గర. సొంత వాహనానికి తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్షతో అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఈ పునరుద్ధరణ రుసుము 5,000 రూపాయలు. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్లకు దానిని 10,000 రూపాయలు చేసింది. కాంటెస్సా తయారీ 2002లోనే నిలిచిపోయింది కనుక దేశంలోని ప్రతి కాంటెస్సా ఈ రెండో తరగతిలోకే వస్తుంది.

బిలాస్‌పూర్‌లో మరో మెలిక ఉంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడింది. అంతకుముందు నమోదైన కార్లన్నీ మధ్యప్రదేశ్ సంఖ్యలతో ఉన్నవే. పాత దస్త్రం కొత్త రాష్ట్ర రికార్డుల్లోకి, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి చేరిందో లేదో కొనే ముందే రవాణా కార్యాలయంలో నిర్ధారించుకోవాలి. చాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను కారుపై ఉన్న అచ్చుతో సరిపోల్చాలి. తుప్పు తీసే పనిలో చాసిస్ సంఖ్య ఉన్న రేకును కోసిన మేస్త్రీలు లేకపోలేదు. ఆ సంఖ్య పోతే చట్టం దృష్టిలో కారే పోయినట్లు.

తుప్పు, రేకు

కాంటెస్సాకు విడిగా చాసిస్ చట్రం ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. అందువల్ల తలుపుల కింది పట్టీలు, నేల రేకు, ముందు సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పు పడితే అది అందానికి సంబంధించిన లోపం కాదు, ప్రాణానికి సంబంధించినది. చిన్న సుత్తితో తట్టి చూస్తే మంచి రేకు కణకణలాడుతుంది. తుప్పు తిన్నది మొద్దుబారిన శబ్దం చేస్తుంది, లేదా సుత్తి లోపలికి దిగుతుంది. తివాచీ ఎత్తకుండా, సీట్లు విప్పకుండా కారు కొనడం చీకట్లో బేరమాడటం వంటిదే.

తుప్పు తిన్న భాగాన్ని గట్టి రేకు కనిపించేవరకు కోసి, అదే మందం గల కొత్త రేకును అతకడమే సరైన పద్ధతి. పుట్టీ పూసి రంగు వేస్తే రెండేళ్లు నిగనిగలాడి, ఆ తర్వాత లోపలి నుంచి పొక్కులు తేలుతుంది. నేల రేకు కోసేటప్పుడు కారును సమతలంపై నాలుగు చోట్ల ఆనించి, తలుపులు మూసి ఉంచాలి. లేకపోతే బాడీ వంగిపోయి, పని పూర్తయ్యాక తలుపు గడియ పడదు. జాకీపై నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. బరువు మోసే ఇనుప స్టాండ్లు పెట్టాకే దూరాలి. ఇటుకలు పేర్చి పనిచేసే అలవాటు మన వీధుల్లో ఎంత మామూలైనా, బరువు కింద ఇటుక ముందు చెప్పకుండా చిట్లుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పడం, పెట్రోలు ట్యాంకును దించి దూరంగా పెట్టడం తప్పనిసరి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం.

ఇంజను, ఇంధనం

ఏళ్లుగా కదలని ఇంజనును తాళం తిప్పి స్టార్టు చేయాలన్న ఆత్రం మంచిది కాదు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కొద్దిగా ఇంజను ఆయిలు పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, చేత్తో తిప్పి చూడాలి. స్వేచ్ఛగా తిరిగితే పాత ఆయిలు, పాత పెట్రోలు తీసివేసి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. నాలుగింటికీ దాదాపు ఒకే అంకె వస్తే హెడ్ విప్పవలసిన పని అప్పటికి లేదు. ఇసుజు 1.8 ఇంజను అంబాసిడర్‌లోనూ వచ్చింది కనుక దాని విడిభాగాలు ఇప్పటికీ వెదికితే దొరుకుతాయి. అంబాసిడర్ తయారీ కూడా 2014లో ఆగిపోయింది. మిగిలిన సరుకు కోసం కొల్‌కతాలోని మల్లిక్ బజార్, ఢిల్లీలోని కశ్మీరీ గేట్ అంగళ్లే గతి. హావ్‌డా–ముంబయి ప్రధాన మార్గంపై ఉన్న బిలాస్‌పూర్‌కు కొల్‌కతా ఒక రాత్రి ప్రయాణమే. కారు ముఖభాగపు జాలీ, వెనుక దీపాల గాజులు, తలుపుల రబ్బరు పట్టీలు మాత్రం ఇంజను భాగాల కంటే అరుదు. ఇవి పగిలి ఉన్న కారు చౌకగా వచ్చిందని సంతోషించడం తొందరపాటే.

ఇంధనం సంగతి వేరుగా చెప్పుకోవాలి. దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. ఆ సీసం పాత 1489 సీసీ ఇంజన్ల వాల్వు సీట్లకు మెత్తలా పనిచేసేది. అది లేకుండా ఎక్కువ వేగంతో నడిపితే సీట్లు అరిగి కంప్రెషన్ తగ్గుతుంది. హెడ్ విప్పిన సందర్భంలోనే గట్టిపరచిన సీట్లు వేయించుకోవడం మేలు. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా వచ్చింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుని ట్యాంకు అడుగున తుప్పు పుట్టిస్తుంది. ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కరిగించి కార్బ్యురేటర్ సన్నని రంధ్రాల్లోకి తోస్తుంది. ట్యాంకును లోపల శుభ్రం చేయించి, ఇంధన గొట్టాలన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చడం, కార్బ్యురేటర్ జెట్లను తిరిగి సరిచూడటం ఈ రోజుల్లో పునరుద్ధరణలో విడదీయలేని భాగాలు. కారును వారాల తరబడి కదపకపోతే ట్యాంకులో ఇంధనం నిల్వ ఉంచకపోవడమే క్షేమం. ఇంజను నడిపి చూసేటప్పుడు మూసిన షెడ్డులో నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ముందు ఆగాలి, తర్వాతే పరుగు

పాత కారుకు కొత్త హంగులు దిద్దేవారి తొలి చూపు ఇంజను మీద, చక్రాల మీద పడుతుంది. అనుభవజ్ఞులైన మేస్త్రీలు మాత్రం బ్రేకులతో మొదలుపెడతారు. మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఇనుప పైపులు అన్నీ కొత్తవి కావాలి. బ్రేకు ద్రవం తేమను పీలుస్తుంది. తేమ చేరిన ద్రవం వేడికి మరిగి, సరిగ్గా అవసరమైనప్పుడే పెడలు నేలకు జారుతుంది. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకూడదు, తడి గుడ్డతో తుడవాలి. టైరు మందంగా కనిపించినంత మాత్రాన పనికివచ్చేది కాదు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి.

హెడ్‌లైట్లకు రిలేలు, ప్రతి విద్యుత్ మార్గానికీ ఫ్యూజు, పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, మంచి రేడియేటరు, సీటు బెల్టులు కారు స్వరూపాన్ని చెడగొట్టకుండా రోజువారీ వాడకానికి నిలబెట్టే మార్పులు. ఏప్రిల్, మే నెలల్లో బిలాస్‌పూర్ ఎండకు రేడియేటరు విషయంలో పొదుపు పనికిరాదు. రంగు పనిని ఇంటి వద్ద చేయకపోవడమే ఉత్తమం. ఇప్పటి రెండు డబ్బాల పాలియురెథేన్ రంగుల గట్టిపరచే ద్రవంలో ఐసోసైనేట్లు ఉంటాయి. ముక్కుకు కట్టిన రుమాలు వాటిని ఆపదు. ఇరుకు వీధిలో ఆ తుంపర పక్కింటి పిల్లల ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది.

మార్పు ఎంతవరకు చట్టబద్ధం

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని అంశాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ నిషేధాన్ని ఖాయపరచింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కలిగింది. ఇంజను మార్పిడికి రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం కావాలి. గ్యాస్, బ్యాటరీ వంటి వాటికి ఆమోదం పొందిన కిట్లతో, నిర్దేశిత షరతులకు లోబడి మారవచ్చు. కాంటెస్సాలో మరింత పెద్ద విదేశీ ఇంజను దించి వీడియోలు పెట్టే ఉత్సాహవంతులు ఈ కాగితాల సంగతి అరుదుగా చెబుతారు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ ముందుగా చూసేది ఆ కాగితాలనే. కాలుష్య పరీక్షలో భారత్ స్టేజ్-2కు ముందు కాలపు పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం పరిమితి. సరిగా కూర్చిన కార్బ్యురేటర్‌కు ఇది కష్టమైన పరీక్ష కాదు.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మారకుండా మూలరూపంలో ఉన్న వ్యక్తిగత వాహనాలకు ‘వీఏ’ అక్షరాలున్న సంఖ్య కేటాయిస్తారు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. రోజువారీ ప్రయాణానికి, వ్యాపారానికి ఆ వాహనాలు వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం నింపించుకోవడానికి, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు.

1984లో నమోదైన తొలి కాంటెస్సాకు ఈ హోదా 2034కు ముందు అందదు. ఆ ఏడాది దాకా దానిని సాధారణ కారుగానే ఫిట్‌నెస్ పరీక్షల గుండా నడిపించుకురావాలి. అప్పటికి అందులో వేరే ఇంజను ఉంటే హోదాకు అర్హత పోతుంది. మరోవైపు, 2021 నాటి తుక్కు విధానం కింద పాత కారును గుర్తింపు పొందిన కేంద్రానికి అప్పగించినవారికి కొత్త సొంత వాహనం పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి రాష్ట్రాలకు వీలుంది. 10,000 రూపాయల రుసుమును, రాయితీని పక్కపక్కన పెట్టి లెక్క వేసుకునే వారసుల ఇళ్ల నుంచే కాంటెస్సాలు తూకానికి వెళ్తున్నాయి. కనుక తుక్కుకు వెళ్లబోయే కారు చేతికి వస్తే, దాని అసలు ఇంజను పనిచేయకపోయినా అమ్మేయకుండా, ఆయిలు పూసి, సంఖ్య కనిపించేలా మూట కట్టి దాచుకోవాలని పాతకాలపు మేస్త్రీలు సలహా ఇస్తారు.