వాహన రికవరీ పాయింటు

వాహన రికవరీ పాయింటు అనగా బురదలో గాని ఇసుకలో గాని దిగబడిన వాహనాన్ని మరొక వాహనంతో లేదా వించ్‌తో బయటకు లాగటానికి పట్టీని, మోకును లేదా గొలుసును తగిలించే దృఢమైన స్థానం. ఇది వాహనపు ఛాసిస్‌కు బిగించబడి, ఎంత బలాన్ని తట్టుకోగలదో ముందుగా నిర్ణయించబడి ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలను రోడ్డు లేని నేలపై నడిపేవారికి ఈ స్థానాన్ని సరిగా గుర్తించటం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. తగని చోట తగిలించిన పట్టీ ఒత్తిడికి ఊడివచ్చినప్పుడు, దానితో పాటు విరిగిన ఇనుపముక్క తుపాకీ గుండు వలె ఎగిరి మనుషులను చంపగలదు.

కృష్ణా డెల్టాలో పరిస్థితి

బాపట్ల జిల్లాలోని నగరం మండలం, దాని చుట్టుపక్కల ఉన్న రేపల్లె, బాపట్ల ప్రాంతాలు, గుంటూరు జిల్లాలోని తెనాలి ప్రాంతం కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందినవి. ఇక్కడి మాగాణి భూములలో బంకమన్ను పాలు ఎక్కువ. తడిసినప్పుడు ఈ మన్ను టైరు గాళ్ళను పూర్తిగా నింపివేస్తుంది. అప్పుడు నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతున్నా, పట్టు దొరకక అవి ఉన్నచోటనే తిరుగుతాయి. వాహనపు అడుగుభాగం మట్టిపై ఆనుకున్న తరువాత ఫోర్ వీల్ డ్రైవ్ వలన ప్రయోజనం చాలా తక్కువ. కాలువ కట్టలు, పుంత దారులు వర్షాకాలంలోను, వరి కోతల సమయంలో వచ్చే తుఫానులలోను ఇదే స్థితికి చేరుకుంటాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుఫాను ఇటువంటి సమయంలోనే వచ్చింది.

బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక వంటి తీరాలలో ఇసుకది వేరే సమస్య. పొడి ఇసుకలో చక్రం తిరిగినకొద్దీ గొయ్యి లోతవుతుంది. నీటి అంచున దిగబడిన వాహనాన్ని సముద్రపు పోటు రాకముందే తీయాలన్న తొందరలో, చేతికందిన చోట మోకు కట్టి లాగటం ప్రమాదాలకు దారితీస్తుంది.

లాగటానికి కావలసిన బలం

దిగబడిన వాహనాన్ని కదిలించటానికి కావలసిన బలం, అది ఎంత లోతుకు దిగిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. సైనిక వాహనాల రికవరీలో వాడే ఒక అంచనా ప్రకారం, చక్రాలు ఇరుసు మట్టం వరకు దిగితే సుమారు వాహనపు బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల వరకు కూరుకుపోతే దానికి రెండింతలు కావాలి. అంటే 2 టన్నుల జీపు, తీయటానికి 4 టన్నుల లాగుడును కోరవచ్చు.

కుదుపుతో లాగినప్పుడు ఈ బలం మరింత పెరుగుతుంది. 2000 కిలోల వాహనం గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నప్పుడు దాని గతిజ శక్తి సుమారు 7,700 జౌళ్ళు. వేగం 20 కిలోమీటర్లకు పెరిగితే అది నాలుగు రెట్లై సుమారు 30,900 జౌళ్ళు అవుతుంది. ఈ శక్తినంతటినీ రికవరీ పాయింటు, పట్టీ, షాకిల్ కలిసి భరించాలి. వీటిలో అన్నిటికంటె బలహీనమైనది ఎంత ఆగగలదో, మొత్తం కూర్పు అంతే ఆగగలదు.

ఉపయోగించదగిన స్థానాలు

మంచి రికవరీ పాయింటుకు ఈ క్రింది లక్షణాలు ఉంటాయి.

* ఛాసిస్ దూలానికి నేరుగా, ఒకటి కంటె ఎక్కువ హైటెన్సైల్ బోల్టులతో బిగించి ఉంటుంది.
* తట్టుకోగల బరువు దానిపై గాని, వాహన తయారీదారు ఇచ్చిన పుస్తకంలో గాని తెలుపబడి ఉంటుంది.
* పట్టీ జారిపోకుండా మూసిన కడియం ఆకారంలో, లేదా నాలుక గల కొక్కెం ఆకారంలో ఉంటుంది.
* అంచులు నునుపుగా ఉండి పట్టీని కోయవు.

ముందువైపు రెండు పాయింట్లు ఉన్నప్పుడు, రెండింటినీ కలిపే బ్రైడిల్ పట్టీ వాడి భారాన్ని పంచవచ్చు. దాని రెండు కాళ్ళ మధ్య కోణం తక్కువగా ఉండాలి. కోణం 60 డిగ్రీలైతే ఒక్కొక్క పాయింటుపై మొత్తం లాగుడులో సుమారు 58 శాతం పడుతుంది. 120 డిగ్రీలైతే ఒక్కొక్కదానిపై మొత్తం లాగుడుతో సమానమైన బలం పడుతుంది కనుక పంచిన ప్రయోజనం ఉండదు. వీలైనంత వరకు వాహనాన్ని తిన్నగా లాగాలి. పక్కకు లాగినప్పుడు పాయింటు వంగి బోల్టులు తెగే అవకాశం ఉన్నది.

ఉపయోగించరాని స్థానాలు

* టైడౌన్ కళ్ళు: ఓడలో గాని లారీలో గాని వాహనాన్ని కదలకుండా కట్టి ఉంచటానికి పెట్టిన సన్నని రంధ్రాలు. ఇవి చూడటానికి రికవరీ పాయింట్ల వలె ఉన్నా కుదుపును తట్టుకోవు.
* బంపరులో మరతిప్పి బిగించే టోయింగ్ కన్ను: చదునైన రోడ్డుపై చెడిపోయిన కారును మెల్లగా లాగటానికి ఉద్దేశించినది. బురదలో కూరుకున్న బండికి పనికిరాదు.
* టో బాల్: ట్రెయిలరు తగిలించే ఉక్కు గుండు. కుదుపుకు దీని మెడ విరిగి గుండు ఎగిరిపోతుంది. ఆస్ట్రేలియాలో ఈ కారణంగా మరణాలు సంభవించాయి.
* బంపరు, బుల్ బార్: ఇవి లాగుడు కోసం తయారైనవి కావు. పైగా బుల్ బార్లు అమర్చటం 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుకు విరుద్ధమని కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో రాష్ట్రాలకు తెలియజేసింది.
* ఇరుసు, స్టీరింగు కడ్డీలు, సస్పెన్షన్ భాగాలు: విరగకపోయినా వంగిపోవచ్చు. అటువంటి బండి తరువాత రోడ్డుపై అదుపు తప్పే ప్రమాదం ఉంటుంది.

పట్టీలు, షాకిళ్ళు

కుదుపుతో లాగటానికి సాగే గుణం గల నైలాన్ పట్టీ వాడతారు. ఇది సుమారు 20 శాతం వరకు సాగి కుదుపును మెత్తబరుస్తుంది. దాని తెగుడు బలం, రెండు వాహనాలలో తేలికైనదాని మొత్తం బరువుకు రెండు నుండి మూడు రెట్లు ఉండాలని సాధారణ నియమం. ఇనుప గొలుసు, తీగమోకు సాగవు కనుక వాటితో కుదుపు ఇవ్వరాదు. షాకిల్ వాడితే, దానిపై పని భారం ముద్రించి ఉన్నదో లేదో చూడాలి. జీపుల వంటి వాహనాలకు 22 మిల్లీమీటర్ల పిన్ను గల 4.75 టన్నుల విల్లు షాకిల్ ఎక్కువగా వాడుకలో ఉన్నది. రెండు పట్టీలను షాకిల్‌తో కలపరాదు. పట్టీ తెగితే అది ఎగిరి తగులుతుంది.

ట్రాక్టరుతో లాగేటప్పుడు

డెల్టా గ్రామాలలో దిగబడిన కారుకు ముందుగా దొరికే సహాయం ట్రాక్టరు. ఇక్కడ రికవరీ పాయింటు రెండువైపులా ముఖ్యమే. గొలుసును ట్రాక్టరు వెనుక ఇరుసు మట్టానికి క్రిందుగా ఉన్న డ్రాబారుకే తగిలించాలి. ఇరుసుకు గాని, దానికంటె ఎత్తున ఉన్న టాప్ లింకుకు గాని తగిలిస్తే, లాగుడుకు ముందు చక్రాలు పైకి లేచి ట్రాక్టరు వెనుకకు తిరగబడుతుంది. ఇందుకు రెండు సెకన్లు కూడా పట్టదు కనుక డ్రైవరుకు తప్పించుకునే వ్యవధి ఉండదు. ట్రాక్టరుతో కుదుపు ఇవ్వకుండా, గొలుసు బిగిసిన తరువాత తక్కువ గేరులో నెమ్మదిగా లాగాలి.

జాగ్రత్తలు

లాగటానికి ముందు పారతో చక్రాల ముందున్న మట్టిని, అడుగున ఆనుకున్న మట్టిని తీస్తే కావలసిన బలం బాగా తగ్గుతుంది. ఇసుకలో టైర్ల గాలిని 15 నుండి 20 పి.ఎస్.ఐ.కి తగ్గించటం వలన అనేక సందర్భాలలో లాగే అవసరమే రాదు. రోడ్డెక్కిన తరువాత మరల గాలి నింపుకోవాలి. పట్టీ మధ్యలో తడి గోనెసంచి వంటి బరువైన వస్త్రాన్ని వేస్తే, తెగినప్పుడు దాని వేగం కొంత తగ్గుతుంది. చూడవచ్చినవారు పట్టీ పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కగా నిలబడాలి. బిగిసిన పట్టీని ఎవరూ దాటరాదు.

వాహనం కొన్నప్పుడే దాని పుస్తకం చూసి, క్రిందకు వంగి ముందు వెనుకల పాయింట్లను గుర్తించి ఉంచుకోవటం ఉత్తమం. బండి దిగబడిన తరువాత ఆ స్థానాలు చాలావరకు బురద క్రిందనే ఉంటాయి.