పాలకొల్లు మాండలిన్

పాలకొల్లు అనగానే బయటివాళ్లకి ముందు గుర్తొచ్చేది క్షీరారామం. పంచారామాల్లో ఒకటైన ఆ గుడి గోపురం ఊళ్లోకి రాకముందే కనబడుతుంది. ఆ తర్వాత సినిమావాళ్లు: అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లయితే, 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు బట్టల వ్యాపారం కోసం ఇక్కడ కోఠీ పెట్టిన సంగతి ఎత్తుతారు. ఇవన్నీ మాకు గర్వకారణాలే. అయినా మా ఊరు ప్రపంచానికిచ్చిన వాటిలో అన్నిటికన్నా గొప్పదేదని నన్నడిగితే ఉప్పలపు శ్రీనివాస్ పేరు చెబుతాను.

మాండలిన్ శ్రీనివాస్‌ని చెన్నై విద్వాంసుడనే చాలామంది అనుకుంటారు. పేరు వచ్చింది అక్కడే కాబట్టి వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆయన పుట్టింది 1969 ఫిబ్రవరి 28న, పాలకొల్లులో. చెన్నై సభలు ఆయన్ని వినేనాటికే, మాండలిన్ మీద కర్ణాటక రాగం పలికించే అసలు పని చాలావరకు అయిపోయింది. ఈ మాట ఊరి మీద అభిమానంతో అంటున్నది కాదు. ఆ పని ఎంత కష్టమైనదో తెలిస్తే ఎవరైనా ఒప్పుకుంటారు.

మాండలిన్ ఇటలీ వాద్యం. మన తెలుగువాళ్లు దాన్ని ఎక్కువగా విన్నది పాత సినిమా పాటల్లో, ఆర్కెస్ట్రాల్లో. రెండేసి తీగలు జంటలుగా, మొత్తం ఎనిమిది తీగలుంటాయి. మీటగానే గణగణ మోగి అంతలోనే ఆగిపోతుంది. పాట మధ్యలో నాలుగు స్వరాలు పలికించడానికి అది చాలు. రాగానికి మాత్రం చాలదు. తోడి పాడాలన్నా, శంకరాభరణం పాడాలన్నా స్వరం నిలవాలి, ఊగాలి, పక్క స్వరంలోకి జారాలి. వీణకు పొడుగాటి దండి ఉంటుంది కాబట్టి మెట్టు మీద తీగను పక్కకి లాగి గమకం పలికిస్తారు. మాండలిన్‌కి మెట్లు ఇరుకు, తీగలు బిగువు. పైగా జంట తీగల్లో ఒకటి కాస్త ఎక్కువ లాగబడినా శ్రుతి చెడుతుంది. వయొలిన్ మన సంగీతంలోకి వచ్చిందంటే దానికి మెట్ల అడ్డం లేదు. బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి దాని వెనక ఒక సంప్రదాయం కూడా ఉంది. మాండలిన్‌కి ఆ రెండూ లేవు.

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ గారు సంగీతం తెలిసిన మనిషి. ఇంట్లో ఉన్న ఆయన మాండలిన్‌ని పిల్లవాడు ఆరేళ్లప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి కోప్పడి లాక్కోలేదు సరికదా, కొత్త వాద్యం కొనిచ్చి తనే పాఠం మొదలుపెట్టారు. మరుసటి ఏడు గిటారిస్టు వాసూరావు గారు పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు.

ఆ తర్వాత వచ్చిన గురువు దగ్గర కాస్త ఆగాలి. రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, సత్యనారాయణ గారికీ గురువే. పిల్లవాడిలో ఏముందో గుర్తుపట్టి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించలేరు. అందుకని ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది తీగ మీద వెతుక్కునేవాడు. గొంతులో కదిలిన ప్రతి కదలికకీ చేతి దారి తనే కనిపెట్టుకోవాలి. శ్రీనివాస్ మాండలిన్ పాడుతున్నట్టు ఉంటుందని అందరూ అంటారే, దాని మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. మాండలిన్ తెలిసిన గురువు దొరికి ఉంటే ఆ గురువు వేళ్లే ఈయనకీ వచ్చేవి. పాట తెలిసిన గురువు దొరికాడు కాబట్టి పాట వచ్చింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లవాడు.

తర్వాత కుటుంబం చెన్నై చేరింది. 1981లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించాడు. ఇది కర్ణాటక వాద్యం ఎలా అవుతుందని సందేహించిన పెద్దలు లేకపోలేదు. వాళ్లకి జవాబు కచేరీలే చెప్పాయి. వాద్యాన్నీ తన అవసరానికి మార్చుకున్నాడు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, కింది స్థాయి కోసం ఐదో తీగ చేర్చాడు, స్వరం నిలవడానికి ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. గుడిలో వాయించే సంగీతానికి కరెంటు వాద్యమా అన్న మాట ఇప్పుడు ఎక్కడా వినబడదు.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లినప్పుడు ఇంకా పద్నాలుగేళ్లే. అక్కణ్నించి విదేశీ ప్రయాణాల లెక్క చెప్పుకుంటూ పోతే ఈ వ్యాసం చాలదు. గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో 1995లో ‘డ్రీమ్’ ఆల్బం చేశారు. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఏళ్ల తరబడి వాయించారు. మెక్‌లాఫ్లిన్ అంతటివాడి గిటారు పక్కన కూడా ఆయన గమకం గమకంలాగే ఉండేది. నాకు ఆ రికార్డులకన్నా త్యాగరాజ కీర్తనలు వాయించినవే ఇష్టం. 1998లో పద్మశ్రీ, ఆ తర్వాత సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చాయి. తమ్ముడు రాజేష్‌ని కూడా మాండలిన్ విద్వాంసుడిగా తీర్చిదిద్దారు.

కాలేయ మార్పిడి జరిగాక, 2014 సెప్టెంబర్ 19న చెన్నై ఆసుపత్రిలో పోయారు. 45 ఏళ్లు. సంగీతంలో ఆ వయసుని నడివయసు అని కూడా అనరు.

కచేరీ రికార్డులకు కొదవ లేదు, చెన్నై వాటిని భద్రంగా చూసుకుంటుంది. మనం చూసుకోవలసింది చెన్నైకి ముందు కాలాన్ని. సత్యనారాయణ గారితో కలిసి వాయించినవాళ్లు, ఆ పిల్లవాడి సాధన వీధిలోంచి విన్నవాళ్లు, గుడివాడ కచేరీకి వెళ్లినవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయి ఉంటారు. మీ ఇళ్లలో అలాంటి తాతగారో మామ్మగారో ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోబెట్టుకుని, ఫోనులో రికార్డరు పెట్టి, గుర్తున్నదంతా చెప్పించండి. పాత పెళ్లి ఆల్బముల్లో మాండలిన్ పట్టుకున్నవాళ్లెవరైనా కనబడితే, ఆ ఫొటో వెనక పేరూ సంవత్సరమూ రాయండి.