కయోవా వాఙ్మయము - వీరధర్మము

వాఙ్మయ శబ్దమునకు ప్రకృతి వాక్కు, లిపి కాదు. కావున లిపి లేని జాతికి వాఙ్మయము లేదనుట శబ్దార్థవిరుద్ధము. ఉత్తర అమెరికా మైదానములలో అడవిదున్నలను వేటాడి జీవించిన కయోవా జాతి యిందుకు నిదర్శనము. పూర్వము లిపి లేకున్నను వారికి కథలు, పాటలు, ప్రసంగములు, చిత్రపటములు కలవు. వీరులని పేరుపొందిన యీ జాతి వాఙ్మయమున జయముకంటె సత్యసంధతయే మిన్నగా కనబడుచున్నది.

సెట్టన్ అను నాతని చిత్రపటము 1833 మొదలు 1892 వఱకు గల కాలమును శీతకాలమున కొకటి, వేసవి కొకటి చొప్పున బొమ్మలతో తెలుపును. అందు 1833వ సంవత్సరపు వేసవికి గుర్తు ఖండితశిరస్సు. ఒసేజ్ జాతివారు కయోవాల విడిదిపై బడి, జనులను చంపి, తలలు నఱికి, తైమే యను పవిత్రప్రతిమను గొనిపోయినందుకు అది చిహ్నము. తమ పరాభవమును సైతము దాపఱికము లేక చిత్రించుట గమనింపదగినది. జేమ్స్ మూనీ పండితుడు పెద్దలనోట వివరణములు విని, 1898లో ఈ చరిత్రను ప్రకటించెను. బొమ్మ సూత్రము, పెద్దలు చెప్పు కథ దానికి వృత్తి.

కోయిట్సెంకో యను సంఘమున పదుగురు వీరులే సభ్యులు. యుద్ధమున నాయకుడు తాను ధరించిన పొడవైన తోలుపట్టికను ఈటెతో నేలకు గ్రుచ్చి అచ్చటనే నిలుచును. తోడివారు విడిపించిననే గాని కదలరాదు. ఈ సంఘనాయకుడగు సటాంక్ 1871లో టెక్సాసున బండ్లబిడారుపై జరిగిన దాడికై బంధింపబడెను. ఆ దాడిలో ఏడుగురు బండివాండ్రు మృతిచెందిరి. జూన్ 8వ తేదీన ఫోర్టు సిల్ నుండి విచారణకై గొనిపోబడుచు, అతడు సంఘపు మరణగీతమును పాడి, సంకెల తప్పించుకొని, కత్తితో కావలిభటునిపై బడి, తుపాకిగుండ్లకు ప్రాణము విడిచెను. దాడి న్యాయమా కాదా యనునది వేఱు విచారణ. ఆ పాట మాత్రము అలంకారము గాక ప్రతిజ్ఞాపాలనమైనది.

1969లో పులిట్జరు బహుమానమందిన కయోవా రచయిత ఎన్. స్కాట్ మామడే, ఆ యేటనే వెలువడిన 'ది వే టు రైనీ మౌంటెన్' అను ఆంగ్లగ్రంథమున నొక పూర్వకథను చెప్పెను. బాణములు చేయు నొకడు రాత్రి తన గుడారము వెలుపల ఎవరో పొంచియుండుట కనిపెట్టి, పని మానక, తమవాడైనచో పేరు చెప్పుమని కయోవా భాషలో పలికెను. బదులు రాలేదు. అంతట బాణము వదలి శత్రువును కూల్చెను. ఇచ్చట విల్లుకంటె ముందు భాషయే రక్షకమైనది.

మామడే 2024లో దివంగతుడయ్యెను. నేడు కయోవా భాషను చిన్ననాటనుండి నేర్చి మాటలాడువారు మిక్కిలి కొలదిమంది. వీరసంఘముల పాటలు ఉత్సవములందు ఇంకను వినబడుచునే యున్నవి. పటములును భద్రముగనే యున్నవి. కాని వృత్తి చెప్పు నోరు లేనిచో సూత్రమునకు అర్థ మెవ్వరు చెప్పగలరు? ఆ భాషను పిల్లలకు నేర్పుటయే నేడు ఆ జాతికి మిగిలిన వీరకార్యము.