నౌపడానుండి పర్లాకిమిడికి

మా ఊరిని మేము పర్లాకిమిడి యందుము. ఒడియా సోదరులు పారలాఖెముండి యందురు. పేరు రెండు విధములైనను, సముద్రమువైపు దిగు బాట యందరికిని ఒక్కటే. మహేంద్రతనయ నదిని దాటి, పాతపట్నము, టెంబూరు, టెక్కలి మీదుగా నౌపడా చేరు ఈ మార్గము 25 మైళ్లు, అనగా సుమారు 40 కిలోమీటర్లు. దేశపటమున నిది సన్నని గీత. కాని మా కుటుంబముల పెండ్లిండ్లు, బేరసారములు, చదువులు, చావుకబురులు అన్నియు దీనిమీదనే నడచినవి.

ఈ బాటకు మొదలు ఉప్పు. నౌపడా ఉప్పుమళ్లలో పండిన ఉప్పు ఎడ్లబండ్ల కెక్కి, టెక్కలి దాటి, పర్లాకిమిడి చేరి, అటనుండి గుణుపురపు మన్యమువరకు పోవుచుండెడిది. తిరుగుబండ్లలో చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్లు దిగుచుండెడివి. టెక్కలికడ మదరాసు – కలకత్తా రాజమార్గము ఈ బాట కడ్డుగా పోవును. దానినే నేడు 16వ నంబరు జాతీయ రహదారి యందుము. టెక్కలికి సమీపమున రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి గుడికప్పు లేకయే ఎండలో వెలసియున్నారు. వేసవిలో బండితోలుకొని వచ్చువానికి ఆ స్వామిపై ప్రత్యేకమైన చనువుండుట సహజమే గదా!

తూర్పుతీరపు రైలుమార్గము నౌపడా మీదుగా పడిన తరువాత, రైలు దిగినవారు తక్కిన 25 మైళ్లును ఎడ్లబండిలోనే పోవలసివచ్చెడిది. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతిగారు సుమారు 7 లక్షల రూపాయలు వెచ్చించి రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్న రైలుమార్గమును వేయించిరి. అది 1900 ఏప్రిల్ 1వ తేదీన ప్రారంభమయ్యెను. మొదట నష్టమే వచ్చినది. 1910 తరువాత కొద్దిపాటి లాభము కనబడెను. 1931 నాటికి గుణుపురమువరకు సాగెను. ఆ బండి వేగమునుగూర్చి మా పెద్దలు చెప్పుకొనిన పరిహాసములను ఇచట వ్రాయము. నిదానముగా పోవుటచేత కిటికీనుండి టెంబూరు పొలములన్నియు తీరికగా చూడగలిగితిమని మాత్రము ఒప్పుకొనవలెను.

ఇక 1936 మాట. ఒరిస్సా రాష్ట్రము నేర్పరచుటకై వెలువడిన 1933 శ్వేతపత్రములో పర్లాకిమిడి చేర్చబడలేదు. మరుసటి సంవత్సరము జాయింటు పార్లమెంటరీ సంఘమువారు చేర్చవలెనని సిఫారసు చేసిరి. రాజా కృష్ణచంద్ర గజపతిగారు ఇందులకై లండను రౌండుటేబులు సమావేశమునుండి ఎంతయో పాటుపడిరి. తమ భాషాప్రజలకై ఆయన చేసిన కృషిని మేము నిందింపము. అయినను 1936 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దుగీత మా బాటకు అడ్డముగా పడెను. పట్టణము ఒరిస్సాకు వచ్చెను. పాతపట్నము, టెక్కలి, నౌపడా మదరాసు రాష్ట్రములోనే యుండెను. ఏటి కీవల అన్నగారు, ఆవల తమ్ముడుగారు వేరువేరు ప్రభుత్వముల ప్రజలైరి.

ఆ సంవత్సరమే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1880లో పాఠశాల ఉపాధ్యాయుడుగా వచ్చి, సవరల భాష నేర్చి, వారికై పుస్తకములు వ్రాసి, అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన ఊరది. వ్యావహారిక భాషకై వారు పోరాడిరి. మేమేమో బడిలో పట్టుబడిన గ్రాంథికపు వాసనను ఈ వయస్సునను వదలుకొనలేక యిట్లు వ్రాయుచున్నాము. పంతులుగారు క్షమింతురుగాక. వారు పోగలిగిరి, ఇల్లు, పొలము, అంగడి ఇచటనే యున్నవారు పోలేకపోయిరి. మేము ఆ మిగిలినవారి సంతతివారము.

అప్పటినుండి బాటకు కొత్తపని కలిగెను. గంజాము జిల్లాకు ముఖ్యస్థానము ఛత్రపురము. కొండలగుండా మోహనా మీదుగా పోవు ఘాటుబాటకు వెరచువారు, చిన్నబండిలో నౌపడాకు దిగి, పెద్దబండి యెక్కి ఉత్తరముగా పోయెడివారు. అనగా మా జిల్లా కచేరీకి పోవుటకు మేము రాష్ట్రము దాటి మరల రాష్ట్రములో ప్రవేశింపవలసి యుండెను! గుమాస్తా ఉద్యోగములో మేమును ఫైళ్లసంచితో ఇట్లు పలుమారులు తిరిగితిమి. 1992 అక్టోబరు 2వ తేదీన గజపతి జిల్లా యేర్పడి కచేరీ మా ఊరికే వచ్చినపిదప ఆ యవస్థ తీరెను.

తీరని దొకటి కలదు. మా పిల్లలకు తెలుగు వాచకములు కావలెనన్న పాతపట్నము పోయి తేవలసినదే. ఒకప్పుడొక కచేరీలో దరఖాస్తు నింపుచు మాతృభాష యను గడిలో తెలుగు అని వ్రాయగా, అచటి యుద్యోగి, “మీరు ఆంధ్రానుండి ఎప్పుడు వచ్చితిరి?” అని యడిగెను. మేము రాలేదు, గీతయే వచ్చినదని చెప్పితిమి. ఆయన నవ్వి ముద్ర వేసెను.

2004 జూనులో చిన్నబండి నిలిచిపోయెను. పెద్దలైను పడి 2011 నాటికి గుణుపురమువరకు రైలు మరల నడచెను. నడుమ ఆ కొన్ని యేండ్లు, నూరేండ్లక్రిందటివలెనే, బాటయే దిక్కయ్యెను. క్రిక్కిరిసిన బస్సులలో, పైకప్పుమీద బస్తాలతో, పెండ్లివారు సాగిరి. మా యింటి పెండ్లివారిలో సగముమంది టెక్కలిలో నిలిచిపోయి ముహూర్తమునకు అందలేదు. వియ్యాలవారు ఇప్పటికిని ఆ మాట యెత్తుదురు.

పాతపట్నములో నీలమణి దుర్గమ్మవారి గుడి కలదు. మా ఊర కొత్తబండి కొన్నవారు, తెలుగువారైనను ఒడియావారైనను, మొదట ఏటివంతెన దాటి అమ్మవారికడ పూజ చేయించి, చక్రములక్రింద నిమ్మకాయలు తొక్కించి, మరల వంతెన దాటి యింటికి వత్తురు. బండి నంబరు ఒడిశాది. ముందుకట్టిన నిమ్మకాయల దండ మాత్రము పాతపట్నపుది.