చికాగో కబ్స్ 1908 సీజను

1908 సీజనులో అమెరికాకు చెందిన వృత్తిపర బేస్‌బాల్ జట్టు చికాగో కబ్స్ నేషనల్ లీగ్ విజేతగా నిలిచి, వరుసగా రెండవసారి ప్రపంచ సీరీస్‌ను గెలుచుకొంది. ఫస్ట్ బేస్ ఆటగాడు ఫ్రాంక్ ఛాన్స్ జట్టుకు మేనేజరు కూడా. లీగ్‌లో కబ్స్ 99 ఆటలు గెలిచి, 55 ఓడిపోయింది. న్యూయార్క్ జెయింట్స్, పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్లు చెరి 98 విజయాలతో ఒక్క ఆట వెనుకబడ్డాయి.

మెర్కిల్ వివాదం

సెప్టెంబరు 23న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో కబ్స్, జెయింట్స్ తలపడ్డాయి. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో స్కోరు 1-1 ఉండగా, జెయింట్స్ ఆటగాడు ఆల్ బ్రిడ్‌వెల్ కొట్టిన బంతికి మూడవ బేస్‌పై ఉన్న సహచరుడు పరుగు పూర్తి చేశాడు. ఆట ముగిసిందని ప్రేక్షకులు మైదానంలోకి చొచ్చుకువచ్చారు. మొదటి బేస్‌పై ఉన్న 19 ఏళ్ళ ఫ్రెడ్ మెర్కిల్ రెండవ బేస్‌ను తాకకుండానే వెనుదిరిగాడు. అప్పటికే ఇద్దరు ఔటైనందున, మెర్కిల్ కూడా అక్కడ ఔటైతే ఆ పరుగు చెల్లదు. ఇది గమనించిన కబ్స్ ఆటగాడు జానీ ఎవర్స్ బంతితో రెండవ బేస్‌ను తాకాడు. అంపైర్ హ్యాంక్ ఓడే మెర్కిల్‌ను ఔట్‌గా ప్రకటించాడు. ఆట సమంగా ముగిసినట్లు నిర్ణయించారు.

చివరకు కబ్స్, జెయింట్స్ సమాన స్థితిలో ఉండటంతో అక్టోబరు 8న ఆ ఆటను మళ్ళీ ఆడించారు. మోర్డెకై బ్రౌన్ పిచింగ్‌తో కబ్స్ 4-2 తేడాతో గెలిచింది. "బోన్‌హెడ్" అనే ఎగతాళి పేరు మెర్కిల్‌ను జీవితాంతం వెంటాడింది.

ప్రపంచ సీరీస్

కబ్స్ డెట్రాయిట్ టైగర్స్‌ను 4-1 తేడాతో ఓడించింది. అక్టోబరు 14న జరిగిన చివరి ఆటకు 6,210 మంది మాత్రమే హాజరయ్యారు. తరువాతి ప్రపంచ సీరీస్ విజయం కోసం కబ్స్ 108 సంవత్సరాలు, అనగా 2016 వరకు, వేచి ఉండవలసి వచ్చింది.