రహీం మాస్టారి జట్టు

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుది పోటీ జరిగింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి గురుదత్ సోంధి తప్పుపట్టడంతో, కిక్కిరిసిన మైదానమంతా భారత్ మీద ఆగ్రహంతో ఉంది. ప్రత్యర్థి దక్షిణ కొరియా. తొలి ఆటలో భారత్‌ను 2-0తో ఓడించిన జట్టే. ఈసారి భారత్ 2-1తో గెలిచింది.

రెండో గోలు కొట్టిన జర్నైల్ సింగ్ నిజానికి రక్షణ పంక్తి ఆటగాడు. థాయ్‌లాండ్‌తో ఆటలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అతణ్ణి దాడి పంక్తిలోకి మార్చారు. సెమీఫైనల్లోనూ అతను గోలు చేశాడు. (ఈనాటి జట్టు వైద్యుడు దీనికి అంత సులభంగా ఒప్పుకోడు. సాహసగాథగా చెప్పుకునేటప్పుడు ఆ సంగతీ గుర్తుంచుకోవాలి.) అలవాటు లేని చోట నిలబడమంటే మారుమాట లేకుండా నిలబడేటంత నమ్మకం ఒక్క రోజులో కుదిరేది కాదు.

అది హైదరాబాదులో కుదిరింది. రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన నడిపిన పోటీలు కొన్ని విచిత్రంగా ఉండేవి: ఒకదానిలో వాటంలేని కాలితోనే ఆడాలి, మరొకదానిలో బంతిని తనతో నడిపించుకుపోకూడదు, తోటివాడికి అందించాల్సిందే. మొదటిదానిలో మేటి ఆటగాడూ మళ్లీ ఓనమాలు దిద్దాలి. రెండోదానిలో పక్కవాణ్ణి చూడకుండా ఆట సాగదు. ఐకమత్యం గురించి ఉపన్యాసమివ్వడం కన్నా ఇది మేలైన ఉపాయం.

సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరామ్‌కు శిక్షణకు వచ్చే స్తోమత లేకపోతే, సైకిలు అద్దెకు రోజుకో రూపాయి రహీమే ఇచ్చేవారని బలరామ్ చెప్పేవారు. జకార్తా జట్టులో ఆయనా ఉన్నారు.

1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన భారత్, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. రెండింటికీ శిక్షకుడు రహీమే. ఘోరమైన ఓటమి తరువాతా ఒలింపిక్స్‌కు మళ్లీ అదే గురువును నమ్మడం అప్పటి పెద్దల విజ్ఞత.

జకార్తా విజయం నాటికే ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తోంది. 1963 జూన్ 11న, 53 ఏళ్లకే కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో జకార్తాలో తొలి గోలు కొట్టిన పి.కె. బెనర్జీ ఒకరు.